పదికి తొమ్మిది మార్కుల వంతెన

ప్రపంచంలోని గొప్ప నాగరికతలన్నీ నదుల ఒడ్డున పుట్టాయి, ఆ నదుల్ని దాటడం నేర్చుకున్నాక పెరిగాయి, దాటడానికి అనుమతి తీసుకోవాలన్న నిబంధన వచ్చాక నశించాయి. (ఈ చివరి ముక్క ఇంకా ఏ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కలేదు. ఫైలు కదులుతోంది.) ఈ మూడు దశలనూ ఒకే జీవితకాలంలో చూసేసిన జనావాసం ఒకటుంది. దోమలగూడ వెనక, హుస్సేన్ సాగర్ మిగులు నీటిని మోసుకొచ్చే నాలా ఒడ్డున, పేరు పెట్టే తీరిక ఎవరికీ లేక నాలా గల్లీగా మిగిలిపోయిన సందు అది. అందులో కొన్ని ఇళ్లు, ఒక ఇస్త్రీ బండి, ఎప్పుడూ గుర్రుమనే ట్రాన్స్‌ఫార్మర్, రాజకుమారి మెస్సు ఉన్నాయి.

రాజకుమారి అక్కడ ఇరవై ఏళ్లుగా అన్నం వండి పెడుతోంది. తినేవాళ్లంతా అవతలి ఒడ్డున అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటారు. సర్కారు కొలువు కోసం జిల్లాల నుంచి వచ్చి, రెండు మంచాల మధ్య సందులో కాపురం పెట్టిన పిల్లలు. (పిల్లలనే అంటారు. కొందరికి జుట్టు నెరిసింది, నోటిఫికేషన్ మాత్రం పడలేదు.) రెండు పూటలా నాలా మీది ఇనుప వంతెన దాటి వచ్చేవాళ్లు. పప్పుచారు, వంకాయ కూర, ఆదివారమైతే రాంనగర్ నుంచి తెచ్చిన చేపల పులుసు తిని, చేతులు కడుక్కుంటూ కూడా ఒకరినొకరు బిట్ ప్రశ్నలు అడుగుతూ వెళ్లేవాళ్లు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరిగి నిలబడాల్సినంత వంతెన అది. అయినా రాజకుమారి కూతురి చదువు, భర్త రాజేశం నడుం నొప్పి వైద్యం, ఇంటి కిరాయి అన్నీ దాని మీదుగానే నడిచి వచ్చాయి.

రెండేళ్ల కింద ఒక వానాకాలం సాయంత్రం నాలా పొంగి ఆ వంతెనను పట్టుకుపోయింది. ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. మూసీ దాకా పోయి ఉంటుందని ఇస్త్రీ ఆయన అన్నాడు. అక్కడ ఒక వంతెన ఎక్కువైతే ఎవరు లెక్కపెడతారని కూడా అన్నాడు.

వంతెన పోయాక అవతలి ఒడ్డు కళ్ల ముందే ఉంది, కూర వాసన అక్కడికి పోతోంది, మనుషులు మాత్రం ఇటు రావాలంటే పెద్ద రోడ్డు పట్టుకొని, సిగ్నల్ దాటి, ఊరంతా చుట్టి రావాలి. పరీక్షలకు చదివే వాళ్లకు అంత తీరిక ఎక్కడిది? ముందు రాత్రి భోజనం మానేశారు, తర్వాత పగటిది. రాజేశం కొన్నాళ్లు మోపెడ్ మీద క్యారేజీలు తిప్పాడు. గుంతల్లో నడుం ఇంకా పట్టేసి మంచమెక్కాడు. రాజకుమారి ఇక లాభం లేదనుకొని, కొంగు బిగించి ఆఫీసుకు బయలుదేరింది.

ఆఫీసు పేరు జలమార్గ దాటింపుల ఉపవిభాగం. చిక్కడపల్లిలో ఒక ఫర్నిచర్ దుకాణం మీద ఉంది. దాని పెద్ద జోగారావు. ఆయన గురించి తెలియాల్సింది ఒక్కటే. ఉద్యోగం రాకముందు ఆయన అశోక్‌నగర్ గదుల్లో పదకొండేళ్లు ఉన్నాడు. ఆ పదకొండేళ్లలో ఆయన ఒంటికి పట్టిన విద్య వల్ల ఏ కాగితం చేతికొచ్చినా ఆయనకు జవాబుపత్రంలాగే కనిపిస్తుంది. కరెంటు బిల్లులో కూడా ఉపోద్ఘాతం వెతుకుతాడు. ఆఫీసులో మిగతా వాళ్లూ ఆ గదుల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఇందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు.

జోగారావు రాజకుమారికి నిబంధన వివరించాడు. నది దాటే చిన్న జనావాసానికి మాత్రమే వంతెన ఇవ్వవచ్చు. నాలా నది కాదు. నదికి పుష్కరం ఉండాలి, లేదా కనీసం పక్క రాష్ట్రంతో తగాదా ఉండాలి. అయితే దయగల ప్రభుత్వం ఒక మినహాయింపు పెట్టింది. జనావాసం చరిత్ర, భూగోళం, వాతావరణం మీద తృప్తికరమైన వ్యాసం సమర్పిస్తే, ఆ నాలాను ఆ మేరకు నదిగా పరిగణించవచ్చు. (వంతెన పోయిందా లేదా అని చూడడానికి మనిషిని పంపాలన్న నిబంధన లేదు. ఉన్నా పంపడానికి మనిషి లేడు.)

రాజకుమారి వ్యాసం మాట విని కంగారుపడలేదు. రాష్ట్రంలో వ్యాసాలు రాసేవాళ్లంతా తన చేతి అన్నమే తిన్నారు. ఆమె నేరుగా సురేశ్ దగ్గరకు పోయింది. అతనిది మంచిర్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున రేవు ఊరు. టైఫాయిడ్ వచ్చి హాస్టల్ గదిలో పడి ఉంటే, ఎవరూ పట్టించుకోని ఆ రోజుల్లో, రాజకుమారి పూటపూటా జావ కాచి ఇదే వంతెన మీదుగా పట్టుకుపోయి తాగించింది. అప్పటి నుంచి అతను ఆమెను కన్నతల్లి తర్వాత అంతటిదంటాడు. వంతెన సంగతి వినగానే సురేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే పెన్ను తీశాడు.

అతను రాసింది చూసి గల్లీ అంతా ముక్కు మీద వేలేసుకుంది. చరిత్రను మూడు యుగాలుగా విభజించాడు: బోరు వేయక ముందు, బోరు వేసిన తర్వాత, బోరు ఎండిపోయిన తర్వాత. భూగోళంలో నాలుగు సరిహద్దులూ ఇచ్చాడు. ఉత్తరాన నాలా, దక్షిణాన అపార్ట్‌మెంట్ ప్రహరీ, తూర్పున ట్రాన్స్‌ఫార్మర్, పడమరన నిర్మాణంలో ఉన్న ఇంకో అపార్ట్‌మెంట్. ఎండాకాలం వాసన, వానాకాలం నీళ్లు, చలికాలం దోమలు గల ఉపఉష్ణ దోమమండల వాతావరణం అని రాశాడు. ప్రధాన వృత్తి వంట, ప్రధాన పంట లేదు, ప్రధాన సమస్య వంతెన. చివర, అన్నం వండే ఒక ఆడమనిషి బతుకు ఆగిపోయింది కాబట్టి దయచేసి వంతెన వేయాలని ముగించాడు. ఆ చివరి వాక్యం చదివించుకొని రాజకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పక్షం రోజులకు కాగితం తిరిగి వచ్చింది. మీద ఎర్ర సిరాతో పదికి నాలుగు. పక్కన జోగారావు దస్తూరీలో: ఉపోద్ఘాతం బాగుంది, పటం లేదు, ముగింపు నిరాశాజనకం.

ఇక్కడి నుంచి వ్యవహారం వంతెనది కాకుండా పోయింది. అశోక్‌నగర్‌లో ఒకడికి నాలుగు మార్కులొచ్చాయంటే అది గల్లీ పరువు సంగతి. హాస్టళ్లన్నీ కదిలాయి. ఒకడు పటం గీశాడు, అందులో మెస్సు చుక్క గుర్తుతో రాజధానిలా వెలిగింది. ఇంకొకడు నాలా ప్రవాహవేగాన్ని చూసినవాడిలాగే రాశాడు. రెండో ప్రయత్నానికి ఆరొచ్చింది. ఇక పెద్ద దిక్కును పట్టుకోవాలని, కోచింగ్ సెంటర్లో భూగోళం చెప్పే శశాంక్ సార్ దగ్గరకు పోయారు. మైకు లేకుండా ఇంట్లో కూడా మాట్లాడని మనిషి ఆయన. వ్యాసం చదివి, జబ్బు ముగింపులో ఉందని నాడి పట్టినట్టు చెప్పేశాడు. వంతెన కావాలి అంటే ఫిర్యాదు, వంతెన రావచ్చు అంటే సందేహం, వంతెన వచ్చింది అంటేనే ఆశావహ దృక్పథం అన్నాడు. సురేశ్ వెంటనే ముగింపు దిద్దాడు: దూరదృష్టి గల ప్రభుత్వ కృషి వల్ల వంతెన ఏర్పడి, జనావాసం కళకళలాడుతోంది.

రాజకుమారి ఇది విని మండిపడింది.

"లేని వంతెన వచ్చిందని ఎట్ల రాస్తరు తమ్మీ? రేపు దాని మీదికెల్లి నడువుమంటే నేనేడ నడవాలె?"

"ముగింపు అంటేనే గట్ల ఉంటదక్కా," అన్నాడు సురేశ్ ఓపిగ్గా. "ఏడుసుకుంట ముగిస్తే మార్కులు పడయ్. ముందు మార్కులు రానీ, వంతెన దానెంబడి అదే వస్తది."

మార్కులు వచ్చాయి. పదికి తొమ్మిది. ఆ ఉపవిభాగం చరిత్రలో ఏ అర్జీకీ అన్ని రాలేదట. జోగారావు స్వయంగా రాజకుమారిని కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించి అభినందించాడు. మరి వంతెన ఎప్పుడని ఆమె అడిగితే, ముగింపు సరిగ్గా చదవలేదా అని ఆశ్చర్యపోయాడు. వంతెన వచ్చిందని అర్జీదారే రాశాక కొత్తగా ఇవ్వడానికి ఆఫీసు దగ్గర ఏముంటుంది? తృప్తి చెందిన అర్జీదారుల అరలో ఫైలు పెట్టించాడు. అరలో ఇంకే ఫైలూ లేదు కాబట్టి చోటుకు కొదవ రాలేదు.

తొమ్మిది మార్కుల వ్యాసం మాత్రం ఊరుకోలేదు. నెల తిరక్కముందే జిరాక్స్ దుకాణాల్లో నమూనా జవాబుగా వేలాడింది. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, చెట్ల కింద, చాయ్ బండ్ల దగ్గర నాలా గల్లీ వాతావరణం బట్టీ పట్టసాగారు. శశాంక్ సార్ నూటికి తక్కువ కాని విద్యార్థుల్ని అవతలి ఒడ్డుకు తోలుకొచ్చి, మైకులో జనావాసాన్ని చూపించాడు. అదిగో ట్రాన్స్‌ఫార్మర్, అది తూర్పు. అదిగో పొగ, అది ఆర్థిక మూలం. ఆర్థిక మూలం గరిటె పట్టుకొని గడపలో నిలబడి, ఇటు రండయ్యా తినిపోదురు అని చేతులూపింది. వాళ్లు మర్యాదగా తిరిగి చేతులూపారు. ఒక అమ్మాయి లేచి, వంతెన ఎక్కడ సార్ అని అడిగింది. ఇప్పుడు మనం భూగోళంలో ఉన్నామని, వంతెన ముగింపులో వస్తుందని సార్ సర్దిచెప్పాడు. అందరూ రాసుకున్నారు. ఆ రోజు రాజకుమారి వండిన అన్నంలో సగం మిగిలింది.

ఆ ఏడాది పెద్ద పరీక్షలో ప్రశ్న రానే వచ్చింది: ఒక చిన్న నది దాటే జనావాసం చరిత్ర, భూగోళం, వాతావరణాన్ని వివరించి, వంతెన వల్ల కలిగిన మార్పును పరిశీలించండి. హాలులో అందరూ ఒకేలా నవ్వుకొని ఒకేలా రాశారు. సురేశ్‌కు ఉద్యోగం వచ్చింది. ప్రమోషన్ మీద పోయిన జోగారావు కుర్చీలోనే వేశారు.

ఈ వార్త విన్న రోజు రాజకుమారి రెండు చేతులూ ఎత్తి దేవుడికి దణ్ణం పెట్టింది. అప్పటికి మెస్సుకు వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కకొచ్చారు. గదిని హాస్టల్‌కు ఇచ్చుకుంటానని, దసరాలోగా ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పేశాడు. పోనీలే, మన పిల్లగాడే పెద్ద సారైండు, ఇంక పరేషాన్ ఏంది అని రాజేశానికి ధైర్యం చెప్పి, టిఫిన్ గిన్నెలో చేపల పులుసు కట్టుకొని, పెద్ద రోడ్డంతా చుట్టి, మోకాళ్లు పట్టుకుంటూ ఫర్నిచర్ దుకాణం మెట్లెక్కింది.

సురేశ్ లేచి ఎదురొచ్చాడు. కుర్చీ వేయించాడు. గిన్నె మూత తీసి వాసన చూసి, ఎన్ని రోజులైందక్కా అన్నాడు. అంతవరకూ అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె అర్జీ ముందు పెట్టింది. అందులో ఒకే వాక్యం ఉంది. వంతెన లేదు, వేయించండి.

సురేశ్ దాన్ని చదివాడు. తర్వాత లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"అక్కా, వంతెన లేదన్నది నాకు తెల్వదా? ఆ రోజు వానల నేను అవుతలి ఒడ్డు మీదనే ఉన్న. కొట్టుకపోవుడు కండ్లార చూసిన."

"మరి గదే రాయి తమ్మీ. చూసింది రాస్తే అయిపాయె."

"రాస్తే, నేను పరీక్షల రాసింది తప్పయితది. నాదొక్కటే కాదు, అందరిదీ. ఎవడో ఒకడు కోర్టుకు పోతడు. నోటిఫికేషనే రద్దయితది." అతని గొంతు తగ్గింది. "ఆ వంతెన మీద ఇప్పుడు నాలుగువేల మంది నిలబడ్డరక్కా. కొందరికి పెండ్లిళ్లు కూడ కుదిరినయ్. నేనెట్ల కూలగొట్టాలె?"

రాజకుమారి జీవితంలో చాలా మంది ఆఫీసర్లను చూసింది. అబద్ధం చెప్పేవాళ్ల మీద అరిచి వచ్చేది. ఇతను నిజమే చెబుతున్నాడు. ఏ దిక్కు నుంచి కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు. జావ తాగించేటప్పుడు పట్టుకున్న తల అది. ఆ తలే ఇప్పుడు బల్ల మీదికి వంగి ఉంది.

"మీరంత వంతెన మీద నిలబడ్డరు, మంచిదే," అంది చివరికి. "నేనేడ నిలబడాలె బిడ్డా?"

సురేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. (ఆఫీసర్ల కన్నీళ్ల విషయంలో నియమావళి మౌనంగా ఉంది.) కొత్తది వేయిద్దామంటే పాతది ఉన్నట్టు రికార్డు ఉంది. పాతదాన్ని బాగు చేయిద్దామంటే అది కళకళలాడుతోందని రాసిన చెయ్యి తనదే. తన చేతిలో ఉన్నది ఒక్కటేనన్నాడు. అక్క ఇంత దూరం కష్టపడి వచ్చింది కాబట్టి, అర్జీని జవాబు లేకుండా తిప్పి పంపకుండా, తనే రిమార్కు రాస్తానన్నాడు. కళ్లు తుడుచుకొని, ఎర్ర పెన్ను తీసి, ఎన్నడూ మార్కులు పోగొట్టని ఆ చక్కటి దస్తూరీలో రాసి, ఆమెకు చదివి వినిపించాడు.

"అర్జీదారు ఈ రోజు సదరు వంతెన మీదుగా నడిచి వచ్చి, స్వయంగా విన్నవించుకున్నారు. పరిశీలించి ముగించడమైనది."