పొగతాగనివాళ్ల రేటు

కెంటకీలో పొగాకు పండించే మనిషి తాను సిగరెట్ ముట్టనంటే నమ్మేవాళ్లు తక్కువ. అయినా ఎల్విన్ స్కాగ్స్ ఆ మాట భార్య రొవీనాకి చెబుతూనే ఉన్నాడు. తమ్ముడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు, సమాధి దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని మానేశానన్నాడు. మానేశాడు కూడా, ఇంట్లో. ఆకు ఆరబెట్టే కొట్టంలో మాత్రం పెట్టెలు ఖాళీ అవుతూనే ఉండేవి.

ఆ ఏప్రిల్‌లో మొగుడూపెళ్లాలిద్దరికీ అరవై అయిదు నిండాయి. సర్కారు ఆరోగ్యబీమా మెడికేర్ కార్డులొచ్చాయి. ఆస్పత్రి ఖర్చులో పెద్ద వాటా సర్కారు కడుతుంది. మిగిలిన వాటా కోసం ప్రైవేటు కంపెనీ దగ్గర ఇంకో బీమా తీసుకోవాలి. దానికి మొదటి ఆరు నెలలే అదను. అది దాటితే కంపెనీవాళ్లు పొమ్మన్నా పొమ్మంటారు.

“మరి ఏజెంటుని పిలవమంటావా?” అంది రొవీనా.

పిలవమనేవాడే, కాఫీ కొట్లో లానీ తగలకపోతే. లానీ ఏ విషయమైనా ఏమీ తెలియకుండానే మూడు కప్పుల కాఫీకి సరిపడా చెప్పగలడు. ఊళ్లోవాళ్లు అతన్ని ‘చదవని లాయరు’ అంటారు.

“పొగతాగేవాళ్లకి బీమా రేటెక్కువరా. కొన్నాళ్లు మానేసి అప్పుడు పిలువు. తాగనని దర్జాగా చెప్పొచ్చు, అబద్ధమూ కాదు” అన్నాడు లానీ.

ఎల్విన్‌కి ఆ ఉపాయం తెగ నచ్చింది. చిక్కల్లా ఒక్కటే. ఎందుకు ఆగాలో పెళ్లానికి చెప్పకూడదు. చెబితే కొట్టం గుట్టు రట్టవుతుంది.

“గడ్డికోత అవనీ” అన్నాడు.

“బీమాకీ గడ్డికీ ఏంటయ్యా సంబంధం?”

“రైతన్నాక అన్నిటికీ గడ్డితోనే సంబంధం.”

రొవీనా అతని మొహంలోకి కాసేపు చూసి, “సరే, నీ ఇష్టం” అంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె నోట ఆ మాట వినలేదు. అప్పుడే అతనికి అనుమానం రావాల్సింది. రాలేదు.

గడ్డికోత అయింది. పొగాకు తలలు తుంచడం అయింది. ఎల్విన్ పొద్దున్నే సిగరెట్ మానేసేవాడు, మధ్యాహ్నం భోజనం కాగానే మళ్లీ మొదలుపెట్టేవాడు. వాసన పోవడానికి నానా తంటాలూ పడేవాడు.

“పచ్చి ఉల్లిపాయ నమిలి దాని మీద పిప్పర్మెంటేంటి?”

“అరుగుదలకి.”

“గడ్డానికి నా షాంపూ రాశావే?”

“అదీ అరుగుదలకే.”

ఒకరోజు ఆమె చెప్పాపెట్టకుండా కొట్టంలోకి వచ్చింది. ఎల్విన్ వెలుగుతున్న సిగరెట్‌ని చేతి తొడుగులోకి తోశాడు.

“నీ చేతిలోంచి పొగొస్తోంది.”

“ఎండ అలా ఉంది.”

“కొట్టంలో ఎండా?” అని నవ్వబోయి దగ్గింది. దగ్గుతూనే బయటికి వెళ్లిపోయింది.

ఆ దగ్గు జూన్‌లో పట్టుకుంది. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి. “పొగాకు దుమ్ములే” అనేది.

“డాక్టరుకి చూపించుకోరాదూ?”

“బీమా రానీ. ఇప్పుడు డాక్టరు ఏదైనా రాశాడంటే కంపెనీవాళ్లు నన్ను గడప తొక్కనివ్వరు.”

అతనికీ అది సబబే అనిపించింది. పొగాకు నరికాక పిలుద్దాంలే అన్నాడు.

సెప్టెంబరు సగమయ్యాక ఇక ఆగలేక రొవీనాయే ఏజెంటుని పిలిచింది. మార్లిస్ అని, పక్క ఊరి అమ్మాయి. ఆమె కారు వాకిట్లో ఆగేసరికి ఎల్విన్ జేబులో నిండు సిగరెట్ పెట్టె ఉంది. వంటింట్లో అటూ ఇటూ చూసి ఓవెన్‌లో పడేశాడు. తలుపు తీయడానికి అతను అటు వెళ్లగానే, మొక్కజొన్న రొట్టె చేద్దామని రొవీనా ఓవెన్ వెలిగించింది.

మార్లిస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పేర్లు రాసుకుంది. పుట్టినరోజులు రాసుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చింది.

“సిగరెట్ వాసనలా ఉందండీ?”

“రొట్టె మాడుతున్నట్టుంది” అన్నాడు ఎల్విన్.

“పిండింకా గిన్నెలోనే ఉంది” అంది రొవీనా.

ఎల్విన్ ఒక్క గెంతున వెళ్లి ఓవెన్ తలుపు లాగాడు. పెట్టెడు సిగరెట్లూ ఒక్కసారి తాగినంత పొగ మొహాన కొట్టింది. ఇంటికప్పుకి ఉన్న పొగ అలారం కుయ్యోమంది. చీపురు తిరగేసి దాన్ని ఒక్కటిచ్చాడు. అది వెళ్లి చిక్కుడు గింజల కూరలో పడి, అందులోంచి కూడా అరిచింది.

మార్లిస్ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. “ఎందుకండీ ఈ పాట్లన్నీ? మొదటి ఆరు నెలల్లో అయితే మన రాష్ట్రంలో తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ ఒకటే రేటు. ఏప్రిల్‌లో పిలిచినా ఇదే రేటుకి ఇచ్చేదాన్ని.”

“అయితే తాగుతాననే రాసుకో తల్లీ, రోజుకో పెట్టె!” అన్నాడు ఎల్విన్ సంబరంగా. అన్నాక నాలుక కరుచుకుని భార్య వైపు చూశాడు.

ఆమె ఆ మాట విన్నట్టే లేదు. వంటగట్టు పట్టుకుని వంగిపోయి, నోటికి ఏప్రాన్ అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. దగ్గు ఆగాక ఏప్రాన్ తీసింది. దాని మీద ఎర్రగా ఉంది.

“జబ్బులుంటేనో? అవీ అడగరా?” అంది రొవీనా నెమ్మదిగా.

“ఆరు నెలల్లోపు అయితే వాటినిబట్టి కాదనకూడదండీ.”

“ఏప్రిల్‌లో అయినా?”

మార్లిస్ నవ్వు ఆగిపోయింది. తలూపింది.

అదను దాటకముందే ఇద్దరూ సంతకాలు పెట్టారు. బీమా వచ్చింది. స్కానూ తీశారు. జూన్‌లోనే వచ్చి ఉంటే ఊపిరితిత్తిలో గడ్డని కోసి తీసేవాళ్లమని, ఇప్పుడిక మందులతో కొన్నాళ్లు నెట్టుకురావడమేనని డాక్టరు చెప్పింది. ప్రతి బిల్లులో మిగిలిన వాటా కంపెనీవాళ్లు కిక్కురుమనకుండా కట్టారు.

ఒకరోజు రొవీనాకి మందు ఎక్కించాక లెక్సింగ్టన్ ఆస్పత్రి నుంచి తిరిగి వస్తున్నారు. ట్రక్కు నడుపుతూ ఎల్విన్ ఉన్నట్టుండి, “అంతా నా వల్లే. ఆ కొట్టంలో నేను…” అన్నాడు.

“కొట్టం సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.”

“మరి అడగలేదే?”

“తమ్ముడి కోసం ఏడవాలంటే నీకంటూ ఓ చోటుండాలిగా. అందుకే వదిలేశా.” కిటికీ వైపు తిరిగింది. “గడ్డికోత, తలలు తుంచడం… అవెందుకో కూడా తెలుసు. లానీ పెళ్లాం చెప్పేసింది.”

“తెలిసీ ఆగావా?”

“సమాధి దగ్గర ఒట్టేసి మానలేదు, నా మొహం చూసి మానలేదు. రేటు తగ్గుతుందంటేనైనా మానతావేమో, తొందరపెడితే చెడిపోతుందేమోనని ఆగా. దగ్గొచ్చినా సరే, ఇంకో నెల చూద్దాంలే అనుకున్నా.”

ఎల్విన్‌కి రోడ్డు కనిపించలేదు. ట్రక్కుని పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల ఆనించాడు.

“మానేశా రొవీనా. నీ ఏప్రాన్ మీద ఎరుపు చూసిన రోజు నుంచీ ముట్టలేదు. ఇది మాత్రం నిజం” అన్నాడు చివరికి.

ఆమె చెయ్యి చాచి, మడత పడిన అతని కాలరు సరిచేసింది.

“ఇప్పుడెందుకయ్యా? కంపెనీవాళ్లు అడగట్లేదుగా.”