అధ్యక్షుడికి సాక్షి కావలెను

దర్జీకి మతి చలించిందని మొదట కనిపెట్టింది ఆయన పక్కింటావిడ. ఆవిడ ఆ సంగతి మెట్లు దిగుతూ కింది వాటావిడ చెవిన వేసిందట. కింది వాటావిడ బేకరీలో రొట్టె కోసం నిలబడి, అక్కడున్న వాళ్ళందరికీ వినిపించేట్టు రహస్యంగా చెప్పిందట. "మా పైవాళ్ళాయన ఆదివారం స్టేడియం పక్కనుంచి వస్తూ కళ్ళారా చూశాడండీ. అంత పెద్ద గ్యాలరీలో నరమానవుడు లేడు. ఈ దర్జీ ఒక్కడే జెండా పట్టుకుని, ఎడమ చివర నిలబడి 'మన టీం' అని అరుస్తాడట. మళ్ళీ కుడి చివరికి పరుగెత్తుకెళ్ళి, 'జిందాబాద్' అని తనే బదులు చెప్పుకుంటాడట. పాపం, ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో!"

ఈ వార్తలో కొంత అతిశయోక్తి ఉంది. ఫుట్‌బాల్ అభిమానుల సంఘం అధ్యక్షుడి హోదాలో దర్జీ దీన్ని వెంటనే ఖండించాడు. గ్యాలరీలో తాను ఒక్కడే లేడనీ, పై వరసలో ఒక కుక్క కూడా ఉందనీ, అది విరామం తర్వాత కూడా లేచిపోలేదనీ, ఆ మాటకొస్తే సంఘం సభ్యులకంటే దానికే నిబద్ధత ఎక్కువనీ స్పష్టం చేశాడు. పరుగెత్తాడన్నది కూడా పచ్చి అబద్ధం. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. నడిచే వెళ్ళాడు.

సంఘం ఇంతటి ఉన్నత స్థితికి ఎలా చేరుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మరీ వెనక్కి వెళితే మన టీం గెలిచిన రోజులు తగులుతాయి. అంత దూరం అక్కర్లేదు.

సంఘం పుట్టింది దర్జీ దుకాణం వెనక గదిలో. కుట్టు పూర్తికాని కోట్లు చేతులు వేలాడేసుకుని గోడకు తగిలి ఉంటే, వాటి కింద సభ్యులు బల్లలమీద సర్దుకుని కూర్చునేవారు. ముందుగదిలో దర్జీ భార్య కాజాలు కుడుతూ, తెర వెనకనుంచి వచ్చే మాటల్ని వినీ విననట్టు ఉండేది. టీం గెలుస్తున్న కాలమది. ఆ ఊపులో ఒక నియమం రాసి, రంగువేసి, గోడకు కొట్టారు: 'టీం తేలినా మునిగినా మధ్యలో వదిలిపోయినవాడు ద్రోహి.' తేలుతున్నప్పుడు రాసిన నియమం కాబట్టి మునగడం గురించి ఎవరూ పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు.

తర్వాత మునిగింది. ఎంత క్రమశిక్షణతో మునిగిందంటే, ఓటమికి కారణాలు వెతికి వెతికి పత్రికలవాళ్ళు అలసిపోయి, పాత వార్తకే తేదీ మార్చి వేసుకోసాగారు. గోల్‌కీపర్‌ని మంచి రోజుల్లో ముద్దుగా 'గోడ' అనేవాళ్ళు. ఇప్పటికీ గోడే అంటారు, కాకపోతే కిటికీలన్నీ బార్లా తెరిచిన గోడ. ముందువరస ఆటగాళ్ళు బంతిని ఎదుటివాళ్ళ గోల్ దాకా మర్యాదగా సాగనంపి, అక్కడ వాళ్ళకు అప్పగించి, చేతులు దులుపుకుని వచ్చేవారు.

అభిమానులకు ఆదివారాలు బరువయ్యాయి. ఎండలో కూర్చుని ఓడిపోయే బదులు ఇంట్లో పడుకుని ఓడిపోతే ఎంత బాగుండునని ప్రతివాడికీ అనిపించింది. పైకి అనడానికి లేదు. గోడమీద 'ద్రోహి' అన్న అక్షరాలు ఇంకా వెలిసిపోలేదు. పైగా మనవాళ్ళంతా పరువుగలవాళ్ళు. విసుగొచ్చి మానేశామంటే నామోషీ. మానెయ్యడానికి ఏదైనా గొప్ప కారణం కావాలి. మానేస్తున్నందుకు పదిమందీ చప్పట్లు కొట్టాలి.

అలాంటి కారణాన్ని కనిపెట్టిన ఘనత పళ్ళ డాక్టరుది. ఒక ఆదివారం దవడ వాచిన రోగి ఒకడు ఆయన కుర్చీలో కూలబడి, పన్ను పీకేదాకా లేవనన్నాడు. డాక్టరు మ్యాచ్‌కు రాలేకపోయాడు. ఆ రోజు మన టీం ఓడలేదు. గెలవలేదనుకోండి. ఇటూ అటూ ఒక్క గోలైనా పడకుండా ముగిసింది. మనకు అదే మహాభాగ్యం.

సంఘానికి సలహాదారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన గడ్డం నిమురుకుని, "డాక్టరు రాలేదు, టీం ఓడలేదు. కనుక డాక్టరు రావడంవల్లే టీం ఓడుతోంది" అని తేల్చారు. లెక్కల మాస్టారు 'కనుక' అన్నాక ఎదురు చెప్పే ధైర్యం మనకు చిన్నప్పటినుంచీ లేదు.

డాక్టరుకు పూలగుత్తులతో ఘనంగా వీడ్కోలు సభ జరిగింది. "సోదరులారా! నా పాదం మంచిది కాదని తెలిశాక గ్యాలరీలో అడుగుపెట్టడం మహాపాపం. నా ప్రాణానికి ప్రాణమైన టీం కోసం ఇకనుంచి నా ఆదివారాలన్నీ త్యాగం చేసి, ఇంట్లోనే పడుకుంటానని సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను" అని ఆయన గద్గద స్వరంతో ప్రకటించాడు. సభ్యుల కళ్ళు చెమ్మగిల్లాయి. డాక్టరు మీద ప్రేమతో కొన్ని, అసూయతో మిగతావి.

మరుసటి వారంనుంచి సంఘంలో దరిద్రపు పాదాల వెల్లువ వచ్చింది. తాను ఆవలించినప్పుడల్లా గోలు పడుతోందని ఒకాయన వాపోయాడు. తన పాదం పుట్టుకతోనే మంచిది కాదనీ, కావాలంటే తన అత్తగారిని అడగమనీ ఇంకొకాయన సవాలు చేశాడు. బేకరీ ఆయన ఏకంగా తన తాతముత్తాతలనుంచీ ఉన్న దరిద్రాన్ని ఏకరువు పెట్టాడు. గౌరవనీయులైన పెద్దమనుషులు 'నాది దరిద్రం, నీది కాదు' అని చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళారు. ఆ చొక్కాలు కుట్టింది దర్జీయే కాబట్టి చిరగలేదు.

ఈ రద్దీని అదుపు చెయ్యడానికి మాస్టారు ఒక నిబంధన తెచ్చారు. ఎవరి దరిద్రాన్ని వారే ప్రకటించుకోరాదు. సంఘంలో ఉన్న మరో సభ్యుడు మ్యాచ్‌లో కళ్ళారా చూసి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం చెప్పిన ఉత్తరక్షణం సదరు దరిద్రుడు సంఘంనుంచి విముక్తుడవుతాడు. నిబంధన రాగానే సభ్యుల మధ్య ఎన్నడూ లేని ఆప్యాయతలు పుట్టుకొచ్చాయి. వీడు వాడికి సాక్ష్యం, వాడు ఇంకొకడికి. సలహాదారుకు సాక్షి అక్కర్లేదని మాస్టారు నిబంధనలో ముందే ఒక మూల రాసుకున్నారు కాబట్టి ఆయన తనంతట తానే విముక్తులై, ఇంటినుంచి సలహాలివ్వసాగారు.

చివరికి మిగిలింది ఇద్దరు. అధ్యక్షుడైన దర్జీ, కార్యదర్శి అయిన ఆయన బావమరిది. బావమరిది సిటీ బస్సు డ్రైవరు. వారమంతా స్టీరింగు తిప్పి తిప్పి, ఆదివారం వస్తే తల తిప్పడానికి కూడా ఓపికలేని మనిషి.

"బావా, ముందు నువ్వు నాకు సాక్ష్యం చెప్పు. ఆ వెంటనే నేను నీకు చెప్తా. ఇద్దరం ఒకేసారి ఇంటికెళ్ళిపోదాం."

"ముందు నువ్వే చెప్పరాదూ?"

"అధ్యక్షుడివి, ముందు దిగిపోతే ఏం బావుంటుంది బావా? చివరిదాకా నిలబడ్డాడనే పేరు నీకే రానీ."

పేరు అనే మాట వినగానే దర్జీ కరిగిపోయాడు. మెడలో టేపు సర్దుకుని, బావమరిది పాదమంత దరిద్రపు పాదం భూమ్మీద లేదని మనస్ఫూర్తిగా సాక్ష్యం చెప్పాడు. పెళ్ళైన నాటినుంచీ చెప్పాలనుకుంటున్న మాటే. ఇక తన వంతు అని ఆశగా చూశాడు. బావమరిది నోరు తెరిచాడు. మాస్టారు చెయ్యి అడ్డంపెట్టారు.

"ఈ అబ్బాయి ఇప్పుడు సభ్యుడు కాడు. సభ్యుడు కానివాడి సాక్ష్యం చెల్లదు."

"మరి నా సంగతేంటి మాస్టారూ?"

"నువ్వు సభ్యుడివే నాయనా. నీకు సాక్షి లేడు, అంతే."

అలా దర్జీ శాశ్వత అభిమాని అయ్యాడు. ఆయన కోరిక పెద్దదేమీ కాదు. ఒక్క ఆదివారం, మధ్యాహ్నం, మోకాళ్ళకింద దిండు పెట్టుకుని పడుకోవాలి. ద్రోహి అని మాత్రం ఎవరూ అనకూడదు. రెండూ కలిసి దొరికే మార్గం లేదు. ప్రతి ఆదివారం ఆయన గ్యాలరీకి వెళ్ళేవాడు, ఆయన వదిలివెళ్ళిన పనంతా ఇంట్లో భార్య మిషన్ మీద పడేది. ఆట అయ్యాక ఆటగాళ్ళంతా ఆనవాయితీ ప్రకారం అభిమానులకు నమస్కారం పెట్టడానికి వచ్చి, ఆయన ఒక్కడి ఎదుట బారుగా నిలబడేవారు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఆయన సిగ్గుపడేవాడు. "వచ్చేవారం కూడా వస్తావు కదన్నా?" అని గోల్‌కీపర్ గోడ దీనంగా అడిగేవాడు. "రాక ఎక్కడికి పోతాను తమ్ముడూ!" అనేవాడు దర్జీ. అందులో ప్రతి అక్షరం నిజం.

పక్కింటావిడ ప్రచారం బేకరీ దాటి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ఆయన్ని జాలిగా చూసేదాకా వచ్చాక, దర్జీకి ఒక ఉపాయం తట్టింది. కాజా కుడుతున్న భార్య ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు మా సంఘంలో చేరాలి."

"నాకు ఆట గురించి ఏం తెలుసని?"

"ఏం తెలియక్కర్లేదు. ఒక్క మ్యాచ్ చూసి, 'మా ఆయనే దరిద్రం' అని నలుగురిలో చెప్తే చాలు."

"దానికి మ్యాచ్ ఎందుకు? ఇక్కడే చెప్తాను."

"అలా కుదరదే. చూసి చెప్పాలని మాస్టారు నిబంధన పెట్టారు."

"ఇన్నేళ్ళూ చూడలేదా ఏంటి?" అందిగానీ, ఆయన మొహం చూసి జాలిపడింది. ఆదివారానికి ఒప్పుకుంది.

ఆ ఆదివారం ఎదుటి టీం అందరినీ ఓడించుకుంటూ వస్తున్న టీం. మనవాళ్ళని చూడగానే వాళ్ళకు సెలవు దొరికినంత సంబరమైంది. దర్జీ భార్య సంచిలోంచి చొక్కా తీసి గుండీలు కుడుతూ కూర్చుంది. వాళ్ళు తన్నిన బంతి ఒకసారి స్తంభానికి తగిలింది, ఒకసారి అడ్డకర్రకు తగిలింది, ఒకసారి గోడ ముక్కుకు తగిలింది. ముక్కు అడ్డుపెట్టాలని గోడ అనుకోలేదు. తప్పుకునేంత చురుకుదనం లేక తగిలింది. ఆట ముగియబోతోందనగా వాళ్ళ వెనకవరస ఆటగాడొకడు, మనవాళ్ళెవరూ బంతి జోలికి రాకపోవడంతో ఏం చెయ్యాలో తోచక, తమ గోల్‌కీపర్‌కే వెనక్కి తన్నాడు. ఆ గోల్‌కీపర్ వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. బంతి ఆయన పక్కనుంచి మెల్లగా, ఎవర్నీ నొప్పించకుండా దొర్లుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో దర్జీ భార్య తల వంచి దారం కొరుకుతోంది.

"ఏమైందండీ? ఎందుకలా మొహం పెట్టారు?"

"గెలిచాం" అన్నాడు దర్జీ, ఎవరో పోయినట్టు.

"అయ్యో! మరి మీరు దరిద్రమని నేనెలా చెప్పేది?"

సోమవారం పొద్దున దుకాణం తలుపు తీసేసరికి సంఘం మొత్తం మెట్లమీద ఉంది. అందరూ పెట్టెల అట్టడుగునుంచి పాత జెర్సీలు తీసి, పొట్టలమీదికి లాక్కుని వచ్చారు. తాము అభిమానం మానేసింది ఎప్పుడని అడిగారు, కాస్త అలసట తీర్చుకున్నామంతే అన్నారు. తన గైర్హాజరీ ఇన్నాళ్ళకు ఫలించిందని డాక్టరు గెలుపులో సగం రాయించుకోబోయాడు. మాస్టారు ఒప్పుకోలేదు. గొంతు సవరించుకుని వెనక గదిలో కాదు, ముందుగదిలోనే, మిషన్ ఎదుట ఉపన్యాసం ఎత్తుకున్నారు.

"ఈ అమ్మాయి వచ్చింది, టీం గెలిచింది. కనుక ఈ అమ్మాయి రావడంవల్లే టీం గెలిచింది. ఇంతటి శుభపాదం గ్యాలరీలో ఉండగా మన పాదాల దోషం పనిచెయ్యదు కాబట్టి, సభ్యులందరి దరిద్రాన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాం. మా అమ్మాయి ప్రతి ఆదివారం అదే చోట, అవే బట్టలతో, అలాగే తల వంచి దారం కొరుకుతూ కూర్చోవాలని సంఘం ఏకగ్రీవంగా కోరుతోంది."

"అక్కా, నీ పాదం బంగారమే!" అన్నాడు బావమరిది. చప్పట్లు మోగాయి.

దర్జీ ఛాతీ కొలత కొంత పెరిగింది. మధ్యాహ్నపు నిద్ర చేజారిందన్న బెంగ ఒకవైపు ఉన్నా, శుభపాదానికి భర్తగా ఉండటంలోని హోదా మరోవైపు ఆయన్ని ఊరిస్తోంది. పైగా సంఘం మళ్ళీ కళకళలాడుతోంది. "అందరూ ఇంతగా అడుగుతున్నారు. ఒప్పుకోవే" అన్నాడు, చప్పట్లలో తానూ రెండు కలిపి.

ఆవిడ సూదిని గుడ్డలో గుచ్చి, తలెత్తి, మాస్టారునుంచి మొగుడిదాకా అందర్నీ వరసగా చూసింది.

"గెలిచింది నా పాదంవల్లే అన్నారు, బాగుంది. ఆ ఆట చూస్తే వచ్చే ఆదివారం ఓడతారని నాకే తెలుస్తోంది, మీకు తెలియదా? అప్పుడు అదీ నా పాదమే అంటారు. మీకు దరిద్రపు పాదమని పేరొస్తే పూలగుత్తులిచ్చి పంపారు, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నారు. ఆ పేరు నాకొస్తే, నేను ఏ ఇంటికెళ్ళి పడుకోవాలి?"