నలభై మూడో కీర్తన

"దేవుడి మాట ఇకమీదట అనాథ కాదు" అని దివ్యవాఙ్మయ పరిరక్షణ సమితి చైర్మన్ ఉదయ్ భాస్కర్ గారు భద్రాచలంలో ప్రకటించారు. తాతల నాటి రామభజన కీర్తనలు నూరింటిని సమితి పుస్తకంగా అచ్చేసి కాపీరైట్ తీసుకుంది. ఇన్నేళ్లూ ఎవరు పడితే వాళ్లు, ఎవర్నీ అడగకుండా పాడుకుంటున్న ఘోరాన్ని ఆపడానికి ఇన్నాళ్లకొక మహానుభావుడు దొరికాడని పేపర్లు మెచ్చుకున్నాయి.

ఆ ఘోరం చేస్తున్నవాళ్లలో మొదటివాడు ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఉండే సారయ్య. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. భార్య నాంచారమ్మకు చూపు మందగించి, చిరిగిన భజన పుస్తకం చదవలేకపోతుంటే, రోజూ పొద్దున్నే వసారాలో కూర్చుని కీర్తనలన్నీ ఫోనుకు చదివి వినిపించాడు. చెవిన పడ్డదల్లా టైపు చేయడం ఫోను చూసుకుంది. దాన్ని పెద్దక్షరాలతో నెట్లో పెట్టాడు. మూడేళ్లలో దమ్మపేట నుంచి పర్ణశాల దాకా భజన మండళ్లన్నీ అది చూసే పాడుతున్నాయి. నాంచారమ్మకైతే అది లేకపోతే పొద్దు గడవదు.

మూడు రోజుల్లో తీసేయాలని సమితి నుంచి నోటీసొచ్చింది. సారయ్య భద్రాచలం బస్సెక్కాడు.

"ఇవి మా తాత పాడినయి సార్. అంతకుముందు ఆయన తాత పాడిండు. మీయెట్లయితయి?" అని మర్యాదగానే అడిగాడు.

చైర్మన్ గారు నొచ్చుకోలేదు. గొప్పవాళ్లు నొచ్చుకోరు.

"కీర్తనలు అందరివే పెద్దాయనా. ఎడిషన్ మాది. మా పండితులు ఏడాది రీసెర్చ్ చేసి, ఏ పాత పుస్తకంల లేని చరణం ఒకటి కనిపెట్టిండ్రు. మరి అది నీ నెట్లకెట్ల వచ్చింది? నలభై మూడో కీర్తన తియ్యి."

ఆయన ముందుకు తోసిన సమితి పుస్తకంలో సారయ్య తీశాడు. బంగారు రంగు అంచున్న పేజీలో, లావు అక్షరాల్లో ఉంది.

'నాంచారమ్మా, జల్దీ ఛాయ్ తే, గొంతెండుకపోతాంది.'

కింద అరపేజీ వ్యాఖ్యానం. నాంచారమ్మ అనగా అమ్మవారు. ఛాయ్ అనగా ఛాయ, కరుణ అనే నీడ. గొంతెండుట సంసార తాపం. 'జల్దీ'పై పరిశోధన కొనసాగుతున్నది.

"సార్, నాంచారమ్మంటే..." అని సారయ్య నోరు తెరిచాడు. అంతలో పక్క హాల్లో రెండు వందల మంది ఆడవాళ్లు చేతులు జోడించి ఆ చరణమే అందుకున్నారు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. సారయ్య నోరు మూసుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. నెట్లోంచి తీసేస్తానని, సమితి అనుమతి లేకుండా ఇందులోని ఏ చరణమూ ఎక్కడా పలకనని.

ఇంటికొచ్చి తీసేశాడు. నాంచారమ్మ ఖాళీ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వేలితో జరిపి చూసింది.

మర్నాడు పొద్దున ఆయనే స్టవ్ వెలిగించి ఛాయ్‌కు నీళ్లు పెట్టాడు.

"ఏందయ్యా, నన్ను పిలిస్తే తేనా?" అంది నాంచారమ్మ.

"దరఖాస్తు పెట్టిన. పర్మిషన్ రావాలె."