ఊరికే ఇచ్చిన బాణీ

పొద్దున్నే సంగీత దర్శకుడి ఇంటికి వెళ్లి, ఆయన ఒక పాత సినిమాకు చేసిన వయొలిన్ బాణీ వాడుకోవడానికి అనుమతి తీసుకుని, మధ్యాహ్నానికల్లా సినిమాను కాలేజీలో అప్పగించేయాలని అమ్మాయి అనుకుంది. అది ఆమె చివరి సంవత్సరం సినిమా. అనుమతి లేని సంగీతం ఉంటే చూడకుండానే పక్కన పడేస్తామని మాస్టారు ముందే చెప్పారు. పడేస్తే ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

పెద్దాయన విషయం వినీ వినగానే, "దానికేం భాగ్యం, వాడుకోమ్మా," అంటూ సంతకానికి కలం తీశాడు.

ఇంకొకరైతే దండం పెట్టి వచ్చేసేవారు. మన అమ్మాయి పుట్టుకతోనే అనుమానపు పక్షి. కనీసం సినిమా ఏమిటని కూడా అడక్కుండా ఇంత తేలిగ్గా ఎవరిస్తారు? తోడుగా వచ్చిన కెమెరా మిత్రుణ్ని మోచేత్తో పొడిచింది. అతను కెమెరా లెన్సు తుడుస్తున్నట్టు నటిస్తూ రికార్డింగు మొదలుపెట్టాడు.

"సార్, ఈ బాణీ నిజంగా మీదేనా?"

కలం ఆగిపోయింది. "నాది కాక ఎవరిదమ్మా? కాస్త మెల్లగా మాట్లాడు," అన్నాడు పెద్దాయన, వంటింటి వైపు చూస్తూ.

"మెల్లగా ఎందుకండీ?" అమ్మాయి గొంతు పెంచింది.

వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది. ముక్కూమొహం తెలియని పిల్ల, నీళ్లు నములుతున్న మొగుడు, ఎర్రదీపం వెలుగుతున్న కెమెరా. ఆవిడ అనుమానాలు ఆవిడకూ ఉంటాయి కదా.

"ఏం చేశారండీ?"

"నేనేం చేశానే! ఈ పిల్ల ఏదో పాట బాణీ అడుగుతోంది, అంతే!"

"మరి ఆ చెమటలేమిటి?"

ఆవిడ వెంటనే లాయరు తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "బావా, ఏదీ ఒప్పుకోకు!" అని అతను అరిచాడు. దాంతో ఒప్పుకోవాల్సింది ఏదో ఉందని అందరికీ తెలిసిపోయింది.

"ముందు ఆ పాటేదో వినిపించు," అంది ఆవిడ. అమ్మాయి లాప్‌టాప్‌లో చివరి సీను పెట్టింది. అలిగి వెళ్లిపోయిన కూతురు తిరిగొచ్చి తల్లి గుమ్మంలో నిలబడుతుంది, వయొలిన్ మొదలవుతుంది.

ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఇది నా పాట కదండీ! పిల్లను నిద్రపుచ్చడానికి నేను కట్టుకున్నది!"

"దీన్ని వాడిన నా సినిమాను రెండో రోజే ఎత్తేశారుగా," పెద్దాయన గొణిగాడు. "ఎవరూ వినలేదులే అనుకున్నాను."

అమ్మాయి తన గొయ్యి తనే తవ్వుకుంది. "ఆంటీ, మరి నా సినిమా..." అంది ఏడుపు గొంతుతో.

ఆవిడ తెరమీది కూతుర్నే చూస్తూ కళ్లు తుడుచుకుంది. "నా పేరు వెయ్యి. ఇస్తాను," అని మొగుడి చేతిలోని కలం లాక్కుని సంతకం పెట్టింది. అమ్మాయికి పోయిన ప్రాణం లేచివచ్చింది.

"ఎంత బాగా రాశావమ్మా! ఈ కథ నీదేనా?" అని అడిగింది ఆవిడ.

అమ్మాయి గబుక్కున లాప్‌టాప్ మూసేసింది. ఆ కథ హాస్టల్లో తన గదిలో ఉండే స్నేహితురాలిది. ఒకనాడు భోజనం చేస్తూ చెప్పుకున్న సొంత గోడు. దాన్ని అడిగి తీసుకోవాలన్న ఆలోచనే ఇన్నాళ్లూ అమ్మాయికి రాలేదు. కెమెరా మిత్రుడు రికార్డింగు ఇంకా ఆపలేదు.

మెట్ల మీదికి పరుగెత్తి ఫోన్ చేసింది. "నీ కథతో సినిమా తీశానే. నీకు అభ్యంతరం లేకపోతేనే కాలేజీలో ఇస్తాను," అంది ఎంతో మర్యాదగా.

 "సరే, ఇచ్చెయ్యి. చివర్లో మా అమ్మ పేరు వెయ్యి," అంది స్నేహితురాలు.

తన సబ్బూ, చెప్పులూ, ఛార్జరూ ఏనాడూ అడిగి తీసుకోని మనిషి ఇంత మర్యాదగా అడిగేసరికి, ఇంకేం పోయిందోనని, ఫోన్ పెట్టేయగానే స్నేహితురాలు వెళ్లి తన బీరువా తాళం రెండుసార్లు లాగి చూసుకుంది.