ఎర్ర అంచు రంజాన్

వాగు పొంగి సంతలోని ఉల్లిగడ్డలన్నీ కొట్టుకుపోయిన ఏడాది అది. రంజాన్ నెల చివరికి వచ్చింది. ఎల్లారెడ్డిలో దర్జీ వహీద్ ఆ మంగళవారం పొద్దున్నే మిషన్‌కు నూనె వేసి పనిని రోజులకు పంచుకున్నాడు. ఈ రోజు నాగుల పంచమి రవికెలు, రేపు రంజాన్ కుర్తాలు. పంచమి శుక్రవారమైనా, బీడీలు చుట్టే గౌరవ్వ ఊరుకోలేదు.

"నీ పండుగొస్తే నువ్వు మిషన్ ముట్టవు. ముందుగాల మాయి కుట్టు."

ఎదుటి కిరాణా దుకాణంలోని క్యాలెండర్‌లో రంజాన్ గురువారం నాడు ఎర్రగా అచ్చయి ఉంది. దుకాణదారు లక్ష్మీరాజం ధైర్యం చెప్పాడు.

"సర్కారోళ్లు సెలవు ఊకె ఇస్తరా? గురువారమే. ఈ మబ్బుల నెలవంక కాదు, ఏనుగు నిలబడ్డా కానరాదు."

వహీద్‌కూ అదే తోచింది. ఇవాళ ఇరవై తొమ్మిదో ఉపవాసం. రాత్రికి నెలవంక కనబడకపోతే ముప్పై ఉపవాసాలూ నిండాలి. నిండితే పండుగ గురువారమే. కత్తిరించిన తెల్లగుడ్డను మూలకు నెట్టి రవికెలు అందుకున్నాడు.

సాయంత్రం కామారెడ్డి బస్సు దిగినవాళ్లు వార్త తెచ్చారు. మసీదు పెద్ద ఘనీ సాబ్ విచారించి, పండుగ రేపేనని చాటించి, నేరుగా దర్జీ దుకాణానికి వచ్చాడు.

"కామారెడ్డిల మబ్బు విచ్చుకున్నదట. చంద్రుడు కనబడ్డడు. నా కుర్తా ఏది?"

"క్యాలెండర్ల గురువారం అని ఉండె, చాచా."

"చంద్రుడు నీ క్యాలెండర్ జూసి వస్తడా?"

వహీద్ మూలకు నెట్టిన తెల్లగుడ్డను ముందుకు లాక్కున్నాడు. పోయిన నెలలోనే బస్టాండు దగ్గర కొత్త దర్జీ దుకాణం వెలిసింది. తనకు గుడ్డ ఇచ్చినవాళ్లు పాత బట్టలతో ఈద్గాలో పండుగ నమాజుకు పోతే, తన దుకాణం మూసుకోవలసిందే.

రవికె కోసం వచ్చిన గౌరవ్వ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"మాయన్న అయినయా?"

"మీయి అయినయి అవ్వా. మాయే కాలె."

"మొకం గట్ల పెట్టకు. నువ్వు మిషన్ తొక్కు. అంచులు మడిచి తురుపాయి కుట్టుడు, గుండీలు మేం జూసుకుంటం. బీడీలు చుట్టే చేతులకు ఇదొక పనా."

వాడకట్టు ఆడవాళ్లంతా బీడీల చాటలతో సహా వచ్చారు. కాసేపటికి కరెంటు పోయింది. కందిళ్లు వెలిగించారు. ఆ తర్వాత తెల్లదారం అయిపోయింది. లక్ష్మీరాజం అప్పటికే దుకాణం కట్టేసి వెళ్లాడు. చాటల్లో బీడీలకు కట్టే దారం ఉండగా ఇంకో దారమెందుకని గౌరవ్వ అందరికీ పంచింది. కందిలి వెలుతురులో దాని రంగు గురించి ఎవరూ అడగలేదు.

తెల్లవారాక కుర్తాలు ఇండ్లకు చేరాయి. మడత విప్పితే మెడకూ చేతులకూ కింది అంచుకూ ఎర్ర దారం. మళ్లీ కుట్టించే వ్యవధి లేదు. అవే వేసుకుని ఈద్గాకు నడిచారు. నమాజు మధ్యలో జల్లు పడింది. బీడీ దారం రంగు వదిలింది. లేచి చూసుకునేసరికి ఒక్కొక్కరికి వేలెడు వెడల్పున ఎర్ర అంచు. పాత కుర్తాతో చివరి వరుసలో ఉన్న వహీద్ అందరికంటే ముందు ఇల్లు చేరి తలుపు వేసుకున్నాడు.

ఘనీ సాబ్ వచ్చి తలుపు కొట్టాడు. వెనక ఆయన పండుగకు పిలిచిన అతిథి, కామారెడ్డి బట్టల వ్యాపారి పురుషోత్తం ఉన్నాడు.

"బయటికి రా వహీదూ. ఈ అంచు ఏంది?"

వహీద్ నోరు తెరవకముందే పురుషోత్తం ఘనీ సాబ్ కుర్తా అంచు పట్టుకుని చూశాడు.

"నేనూ గదే అడుగుతున్న. ఊరు ఊరంత ఒక్కటే తీరు. ఈ గుడ్డ ఏడ దొరికింది? మా కామారెడ్డిల లేదు."

ఘనీ సాబ్ తన కుర్తాను అప్పుడే చూసినట్టు చూసుకున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు.

"అన్ని మీకే ఉంటయా, సేటూ? చంద్రుడు మీకు కనబడ్డడు. అంచు మాకు దొరికింది. మా వహీద్ తప్ప ఇది ఎవలూ వెయ్యలేరు."

"అయితే బక్రీదుకు నా దుకాణానికి వంద కుర్తాలు గావాలె."

"ఆలోచన జేసి చెప్తం," అంది, సేమియా కోసం గిన్నె పట్టుకుని వచ్చిన గౌరవ్వ.

మధ్యాహ్నానికి కొత్త దుకాణంలో కుట్టించుకున్నవాళ్లు మచ్చలేని తెల్ల కుర్తాలు చేతబట్టుకుని వహీద్ గుమ్మం ముందు నిలబడ్డారు, అంచు వేసి ఇమ్మని. వహీద్ గౌరవ్వ వైపు చూశాడు. గౌరవ్వ గిన్నె పక్కనపెట్టి చాట కోసం మనిషిని పంపింది.

మర్నాడు పొద్దున వహీద్ మిగిలిన గుడ్డతో తనకొక కుర్తా కుట్టుకున్నాడు, తెల్ల దారంతో.