రీస్టార్టమ్మాయికి ఉద్యోగమొచ్చిన వైనం

ఆ ఆరంతస్తుల భవనంలో కంప్యూటర్లన్నీ ఆరోగ్యంగా ఉన్నాయనీ, వాటిని చూసుకునే అమ్మాయికి మాత్రం ఇంకా ఉద్యోగం దొరకలేదనీ, ఈ రెండు విషయాలకూ ఎలాంటి సంబంధమూ లేదనీ నివాసుల సంక్షేమ సంఘం అధికారికంగా ప్రకటించింది.

ఆ అమ్మాయి మూడో అంతస్తులో తల్లితో ఉండేది. తల్లి ఒక కంటి ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర పనిచేసేది. పిల్ల కంప్యూటరు చదువు పూర్తిచేసి రెండేళ్ళయింది. తల్లికి ఆమె చిన్నీ. భవనానికి రీస్టార్టమ్మాయి. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఆమె మొదట అడిగేది "ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేశారా?" అని. సగం కష్టాలు అక్కడితోనే తీరిపోయేవి. ఇంత తేలిగ్గా తీరే కష్టానికి ఇంత చదువెందుకని జనానికి కొంచెం చిన్నచూపు కూడా ఉండేది.

దీనంతటికీ మూలం సంఘం సెక్రటరీ గారి కంప్యూటరు. ఆయన ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద హోదా వెలగబెట్టి రిటైరైన మనిషి. ఆయన కంప్యూటరుకీ అదే హోదా అబ్బింది. బటన్ నొక్కి, స్నానం చేసి, పేపరు చదివి వచ్చినా దానికి తెల్లవారేది కాదు. దుకాణాల వాళ్ళు అవతల పారేయమన్నారు. చిన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని దాని లోపలున్న పాత సరంజామా అంతా ఊడ్చేసి, కొత్త సిస్టమ్ ఒకటి ఎక్కించింది. ముసలి కంప్యూటరు కుర్రదానిలా లేచి కూర్చుంది.

"దీని ఖరీదెంతమ్మా?" అన్నారు సెక్రటరీ గారు, జేబు మీద చెయ్యి పెట్టుకుని, జేబుకి కాపలాగా.

"ఖరీదేం లేదంకుల్. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూడొచ్చు, మనకి కావల్సినట్టు మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకి కూడా ఇవ్వొచ్చు."

"అంటే ఊరికేనా?"

"ఊరికే అని కాదంకుల్. అసలు విషయం స్వేచ్ఛ..."

"అదేలే, ఊరికేనేగా?"

"ఊరికేనే."

సెక్రటరీ గారు జేబు మీంచి చెయ్యి తీసేశారు. నెల తిరిగేలోగా భవనమంతటా స్వేచ్ఛ వ్యాపించింది. ఉచితానికీ స్వేచ్ఛకూ తేడా ఏమిటో చిన్నీ ప్రతి ఇంట్లోనూ ఓపిగ్గా చెప్పింది. ప్రతి ఇల్లూ శ్రద్ధగా విని, తనకు కావలసినంత అర్థం చేసుకుంది. సాఫ్ట్‌వేరుకు స్వేచ్ఛ ఉంది, అమ్మాయి ఉచితం.

ఆ తర్వాత ఆమెకు తీరికన్నది లేదు. రెండో అంతస్తు హెడ్‌మిస్ట్రెస్ గారి పాస్‌వర్డును కంప్యూటరు ఒప్పుకోవడం మానేసింది. ఎదురు సమాధానం చెప్పే పిల్లల్ని ఉద్యోగమంతా దారిలో పెట్టిన ఆవిడ, దాన్ని కూడా గదమాయించి చూశారు. చివరికి పెద్ద అక్షరాల మీట నొక్కి ఉందని తేలింది. నాలుగో అంతస్తు సంగీతం టీచరు గారి కంప్యూటరు మూగబోతే, ఆవిడ తన చెవుల్ని అనుమానించి చెవి డాక్టరు దగ్గరికెళ్ళి చుక్కలు వేయించుకున్నారు. చుక్కలు పనిచేయలేదు. చిన్నీ వచ్చి స్పీకరు గుర్తు మీదున్న అడ్డగీత తీసేస్తే పనిచేసింది. ఐదో అంతస్తు ఇళ్ళ బ్రోకరు గారి ప్రింటరు ఏ కాగితం అడిగినా పాత అద్దె ఒప్పందమే ఇచ్చేది. ఇవి కాక లిఫ్టు, నీళ్ళ మోటారు, ఒకరి వాషింగ్ మెషీను కూడా ఆమె ముందుకొచ్చాయి. స్విచ్చున్న ప్రతి వస్తువూ కంప్యూటరు శాఖ కిందికే వస్తుందని సంఘం అభిప్రాయం.

ఆ భవనంలో మర్యాద తెలియనివాళ్ళు ఎవరూ లేరు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళు ముందుగా "ఉద్యోగం సంగతి ఏమైందమ్మా?" అని అడిగేవారు. ఇంకా లేదంటే "అయ్యో!" అనేవారు. అంటూనే లాప్‌టాప్ మూత తెరిచేవారు. ఆ రెండూ ఒకేసారి జరగడం వల్ల అయ్యోలోని బాధ ఎంతో, ఊరట ఎంతో ఎవరికీ తెలిసేది కాదు.

ఉద్యోగాల వేట మాత్రం ఆమె మానలేదు. ఒక కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూ కంప్యూటరు తెర మీదే పెట్టారు. అది చక్కగా సాగుతుండగా సంగీతం టీచరు గారు తలుపు తోసుకుని వచ్చి, "పోయింది చిన్నీ! పొద్దున్నదాకా బానే ఉంది, ఇప్పుడు చూస్తే అస్సలు కదలడం లేదు!" అని గొల్లుమన్నారు. పోయింది మౌసు. ఆ ముక్క ఆవిడ చెప్పలేదు. కంపెనీ పెద్దలు ముగ్గురూ తలలు వంచుకుని ఒక నిమిషం మౌనంగా ఉండి, ఇలాంటి సమయంలో ఇబ్బంది పెట్టడం భావ్యం కాదని ఇంటర్వ్యూ ఆపేశారు. మళ్ళీ పెట్టలేదు.

ఇంకో చోట ఒకాయన అనుభవం ఉందా అని అడిగాడు. ఉందంది. ప్రపంచంలో ఎంతోమంది ఉత్తరాలూ ఫారాలూ టైపు చేసుకునే ఒక రాత ప్రోగ్రాములో తప్పులు వెతికి సరిచేసే పని చదువుకునే రోజుల నుంచీ చేస్తున్నానని చెప్పింది.

"అందుకు జీతం ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరండీ. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. తెలిసినవాళ్ళందరూ తలో చెయ్యీ వేస్తారు."

"జీతం లేకపోతే అనుభవం ఎలా అవుతుందమ్మా? దాన్ని సరదా అంటారు" అని ఆయన అనుభవం అన్న గడిలో సున్నా చుట్టాడు. చుట్టింది ఆ రాత ప్రోగ్రాములోనే.

ఇలా ఉండగా ఒక పేరున్న కంపెనీ వారికి ఆమె నచ్చింది. అన్ని మెట్లూ దాటింది. ఆమె గుణగణాలు తెలిసిన పెద్దమనుషులిద్దరి ఫోను నంబర్లు ఇస్తే, వాళ్ళతో ఒక్క మాట మాట్లాడి ఖాయం చేస్తామన్నారు. చిన్నీ సెక్రటరీ గారి నంబరూ, హెడ్‌మిస్ట్రెస్ గారి నంబరూ ఇచ్చింది. కాళ్ళు నేల మీద ఆనడం లేదు ఆ పిల్లకి.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసర సమావేశం ఆమెకు తెలియకుండా మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన జరిగింది. సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఆ అమ్మాయి మన బిడ్డ. మన బిడ్డ పైకి రావడం కంటే మనకు కావలసిందేముంది? ఆమె పొద్దున్నే వెళ్ళి రాత్రికి వస్తే, మధ్యలో మన ప్రింటర్ల గతేమిటి అన్న స్వార్థం మనలో ఎవరికీ లేదు, ఉండకూడదు. కాబట్టి అబద్ధం చెప్పి ఆమె నోటి దగ్గర కూడు పడగొట్టే పాపం మనం చేయం. ఉన్నదున్నట్టు చెబుదాం. ఆపైన దైవం!"

అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళొత్తుకున్నారు.

మర్నాడు ఫోను వచ్చింది. సెక్రటరీ గారు మాట తప్పలేదు. "అలాంటి పిల్ల కోటికొకర్తి ఉంటుందండీ. ఎప్పుడు పిలిచినా పలుకుతుంది. డబ్బు మీద ఆశే లేదు. ఇవ్వబోతే నొచ్చుకుంటుందేమోనని మేం ఇంతవరకూ ఇవ్వబోలేదు కూడా" అన్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంకా బాగా చెప్పారు. "మా చిన్నీకి పనే జీతం."

వారం తిరిగాక కంపెనీ నుంచి ఉత్తరం తెర మీదికి వచ్చింది. తల్లి ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా చదివింది. చిన్నీని సేవాభావం గల సభ్యురాలిగా కుటుంబంలోకి ఆహ్వానిస్తున్నారు. రోజుకు పది గంటలు. బల్ల, కుర్చీ కంపెనీవే.

"జీతం సంగతి రాయడం మర్చిపోయారేమో చూడవే."

"మర్చిపోలేదమ్మా. గుర్తుపెట్టుకుని మరీ రాయలేదు."

చిన్నీ ఫోను చేసి అడిగింది. అవతలి ఆవిడ ఎంతో నెమ్మదిగా, "మీ గురించి మీవాళ్ళు చెప్పింది విని మా డైరెక్టరు గారికి కళ్ళు చెమర్చాయండీ. జీతం మాటెత్తితే మీరు నొచ్చుకుంటారని మేమే వద్దనుకున్నాం" అంది.

ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తల్లి కంచం మీద మూత పెట్టింది.

సంగతి భవనానికి తెలిసింది. సెక్రటరీ గారు నిప్పు తొక్కినట్టు లేచారు. "ఊరికే చాకిరీ చేయించుకుంటారా! చదువుకున్న పిల్లని! మనుషులేనా వీళ్ళు?" సంఘం మళ్ళీ కూడింది. ఈసారి చిన్నీని కూడా పిలిచి, ముందు వరసలో కుర్చీ వేశారు.

"శ్రమను దోచుకోవడం నేరం!" అన్నారు సెక్రటరీ గారు. "ఒక మనిషి చేత జీతం ఇవ్వకుండా పనిచేయించుకోవడం, అందులోనూ దానికి సేవ అని పేరు పెట్టడం నాగరిక సమాజం తలదించుకోవలసిన విషయం. ఈ భవనం దాన్ని ముక్తకంఠంతో ఖండిస్తోంది!"

ముక్తకంఠం హోరెత్తింది. సంగీతం టీచరు గారు ఉండడం వల్ల శ్రుతి కూడా కలిసింది. అది సద్దుమణిగాక సెక్రటరీ గారు చిన్నీ వైపు వంగి, "ఈ తీర్మానం కాస్త టైపు చేసి పెట్టమ్మా. ఇంటింటికీ ఒక ప్రతి ఉంటే బావుంటుంది. కాగితాలు నీ దగ్గర ఉన్నాయిగా?" అన్నారు.

చిన్నీ ఇంటికెళ్ళి టైపు చేసింది. శ్రమ, దోపిడీ, నేరం, నాగరికత అన్న మాటల్లో ఒక్క అక్షరం తప్పు పోకుండా చూసుకుంది. ప్రతులు తీసి ఇంటింటికీ ఇచ్చింది. బ్రోకరు గారు ప్రతి అందుకుంటూ, "ఎలాగూ వచ్చావు, ఆ ప్రింటరు కూడా ఓసారి చూసిపో" అన్నారు. చిన్నీ కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. నవ్వొచ్చింది. "రేపట్నించి నేను ఖాళీగా ఉండనంకుల్" అని మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీధి మలుపులోని కంప్యూటర్ల రిపేరు దుకాణానికి వెళ్ళింది. దుకాణదారుకు బిల్లు వేయడం బ్రహ్మాండంగా వచ్చు, రిపేరు అంతంతమాత్రం. ఆమె చెప్పిందంతా విని అతను ఒకటే ప్రశ్న అడిగాడు.

"జీతం ఎంత అనుకుంటున్నావ్?"

ఇన్నాళ్ళలో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. ఆమె ఒక అంకె చెప్పింది. అతను "అమ్మో!" అని సగానికి సగం తగ్గించాడు. ఆమె ఒప్పుకోలేదు. అతను కొంచెం పెంచాడు. బేరం సాగుతున్నకొద్దీ ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఎంతో కొంత విలువ ఉందనుకున్న దానికేగా ఎవరైనా బేరమాడేది. చివరికి ఇద్దరూ కాస్త కాస్త గొణుక్కుంటూ ఒక చోట కుదిరారు. తెర కట్టిన వెనక గదిలో ఆమెకు బల్ల వేశాడు.

భవనంలో కంప్యూటర్లు ఒక్కొక్కటే మంచాన పడ్డాయి. చిన్నీ ఇంటికి తాళం. చేసేది లేక సెక్రటరీ గారు తన యంత్రాన్ని ఆటోలో వేసుకుని వీధి మలుపు దుకాణానికే వచ్చారు.

"తెర వెలగడం లేదు. మా బిల్డింగులో ఒకమ్మాయి ఊరికే చూసేది లెండి. ఊరికే చేసిన పని కదా, ఇలా తగలడింది" అన్నారు.

తెర వెనక చిన్నీకి ప్రతి మాటా వినిపించింది. దుకాణదారు యంత్రాన్ని లోపలికి అందించాడు. వెనక వైపు వైరు ఒకటి వదులైంది. ఆమె దాన్ని బిగించింది. కోపమొచ్చిందేమో, ఒక చుట్టు ఎక్కువే బిగించింది. దుకాణదారు అంతర్గత పరీక్ష, సంధాన పునరుద్ధరణ, కాంతి నిర్ధారణ అని విడివిడిగా రాసి బిల్లు ఇచ్చాడు. సెక్రటరీ గారు బిల్లును గౌరవంగా చదివి, కిక్కురుమనకుండా కట్టారు.

సాయంత్రం ఆయనే మెట్ల దగ్గర ఎదురయ్యారు.

"ఏమ్మా, నల్లపూసైపోయావు! ఉద్యోగమేమైనా..."

"మలుపులో రిపేరు షాపులో చేరానంకుల్."

సెక్రటరీ గారి మొహం వెలిగిపోయింది. "మంచి చోట పడ్డావు! ఆ తెర వెనకాల ఒకాయన ఉంటాడు చూడు, చెయ్యి పడితే చాలు, బాగైపోతుంది. డబ్బిచ్చి చేయించుకున్న పనితనమే వేరు. ఆయన దగ్గర కుదురుగా నేర్చుకో."

"తెర వెనకాల ఉండేది..."

"నా మాట విను. మొదట్లోనే జీతం గీతం అని పేచీ పెట్టకు. కొన్నాళ్ళు ఊరికేనైనా చెయ్యి. అనుభవం వస్తుంది."

చిన్నీ "అలాగే అంకుల్" అని పక్కకు తప్పుకుని మెట్లెక్కింది.

ఇంత విలువైన సలహాకు సెక్రటరీ గారు ఆమె దగ్గర ఒక్క పైసా కూడా పుచ్చుకోలేదు.