ఇంత ఎడారిలో మా పక్కనే!

ఎడారికి ప్రశాంతత కోసం వెళ్తున్నామని చెప్పేవాళ్ళని నమ్మకండి! వాళ్ళు అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా ఒక్కసారి కూడా అక్కడ టెంటు వేసుకుని ఉండరు. ఎడారిలో మనిషికి కావలసింది ప్రశాంతత కాదు, పొరుగువాడు. అదీ ఎక్కడో కొండ అవతల ఉంటే చాలదు. చెయ్యి చాపితే అతని మడత కుర్చీ మనకి తగలాలి.

ఈ మాట నేను తీరిగ్గా కూర్చుని ఆలోచించి చెబుతున్నది కాదు. నిలబడి చెబుతున్నాను. ఎందుకు నిలబడ్డానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా యూటా దక్షిణాన ఎర్రరాతి ఎడారి ఎంత ఉందో కొలిచినవాడు లేడు. అది ప్రభుత్వ భూమి, అంటే మనందరిదీ. నచ్చిన చోట బండి ఆపుకోవచ్చు, టెంటు వేసుకోవచ్చు, అడిగేవాడు ఉండడు. కనుచూపు మేర ఖాళీ! అయినా సరే, మీరు ఓ చెట్టు నీడ చూసుకుని, కుర్చీ వేసుకుని, కాఫీ కప్పు పెదవులదాకా తెచ్చారో లేదో, దూరంగా దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములోంచి ఒక వ్యాన్ వస్తుంది. దారిలో ఉన్న ఖాళీ చోట్లన్నీ దాటుకుంటూ వచ్చి, సరిగ్గా మీ పక్కన ఆగుతుంది!

దీనికి మొహం చిట్లించుకునే అమాయకులు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కళ్ళు తెరిపించడానికే ఈ వారం కలం పట్టాను.

ముందు ఆ వ్యాన్ నెత్తిన వెలిగే లైట్ల సంగతి చూద్దాం. నక్షత్రాలు కనిపించకుండా పోతున్నాయని మీ ఏడుపు. అయ్యా, నక్షత్రాలు ఎక్కడికి పోతాయి? మా ముత్తాత ఎడ్లబండి మీద ఇక్కడికి వచ్చినప్పుడు ఉన్నవే ఇప్పుడూ ఉన్నాయి, కొత్తగా ఒక్కటీ చేరలేదు. అదే వ్యాన్ లైటు వేస్తే మీ సూపులో పడ్డ పురుగుకి ఎన్ని కాళ్ళున్నాయో కూడా కనిపిస్తుంది. ఏ నక్షత్రమైనా మీకింత ఉపకారం చేసిందా?

ఇక రాత్రంతా మోగే వాళ్ళ జనరేటరు. గురకపెట్టే మొగుళ్ళకి ఇంతకు మించిన వరం లేదు! పొద్దున్న లేచాక నింద మొత్తం పక్క వ్యాన్ మీదకి పోతుంది.

సైకిలు హ్యాండిలుకి స్పీకరు కట్టుకుని కొండ దిగే కుర్రాళ్ళని చూసి చెవులు మూసుకోవడమూ అన్యాయమే. ఎడారిలో సంగీతమంటే కొయోటీ నక్కల ఊళ ఒక్కటే. అవి ఇన్నేళ్ళలో రెండో పాట నేర్చుకున్న పాపాన పోలేదు. వీళ్ళు పూటకో కొత్త పాట వినిపిస్తున్నారు, అదీ ఉచితంగా!

డ్రోన్ల మీద కూడా మీకు కోపమేనా? మీరు చొక్కా విప్పి అరచెంబుడు నీళ్ళతో చంకలు కడుక్కునే దృశ్యాన్ని ఆకాశం నుంచి చిత్రీకరించి నాలుగు రాష్ట్రాలకు చూపించేవాళ్ళు ఉంటే గర్వపడాలి గానీ!

అన్నిటికన్నా పెద్ద లాభం తెల్లవారాక తెలుస్తుంది. మా ఎడారిలో ఎవరి విసర్జన వాళ్ళే సంచిలో కట్టుకుని ఇంటికి మోసుకుపోవాలన్నది నియమం. అది మంచి నియమమే. ఆ సంచి పట్టుకుని బండరాయి చాటుకి వెళ్ళే వేళ మనిషి ఎంత ఒంటరివాడో మీకు తెలుసు. పొరుగుంటే ఆ ఒంటరితనం లేదు. ఆ రాయి వెనక ముందే ఒకరుంటారు. "గుడ్ మార్నింగ్!" అంటారు.

ఇవన్నీ గాలి కబుర్లని కొట్టిపారేస్తారేమో, నాకు జరిగిందే చెబుతాను.

మొన్న ఏప్రిల్లో నేనూ, మా ఆవిడ లవాన్ మా జూనిపర్ చెట్టు కిందకి వెళ్ళాం. పెళ్ళయిన నాటి నుంచీ ప్రతి వసంతంలో అక్కడే దిగుతాం కనక అది మాదే. చెట్టు పక్కనుంచే సైకిలు బాట పోతుంది. ఒక్క సైకిలు పట్టేంత సన్నటి బాట. ఎదురెదురు పడితే ఒకరు ఆగి దారివ్వాలి. అందుకే గుంపులో ముందు వచ్చేవాడు "వెనక ఇంకో ముగ్గురు!" అని కేకేస్తాడు. రెండోవాడు "ఇద్దరు!" అంటాడు. చివరివాడు "నేనే ఆఖరు!" అంటాడు. అది విన్నాకే ఆగినవాళ్ళు నిశ్చింతగా కదులుతారు. సాటి మనిషి మాట మీద ఇంత నమ్మకం మా ఊళ్ళో ఇంకెక్కడా కనబడదు, చర్చిలో కూడా.

ఆ పొద్దున నేను ముందు తొక్కుతున్నాను. లవాన్ వెనకెక్కడో ఏదో పువ్వు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా సైకిళ్ళ గుంపొకటి వచ్చి నాకోసం ఆగింది.

"వెనక ఎవరైనా ఉన్నారా పెద్దాయనా?" అని అడిగారు.

"లేరు, నేనే ఆఖరు!" అన్నాను.

తొందరపడి నన్ను తిట్టుకోకండి! లవాన్ ఎంత వెనకుందంటే, ఉందని చెప్పడం కాస్త అతిశయోక్తి అవుతుందనిపించింది. పత్రికలో రాసేవాణ్ణి, అతిశయోక్తులు నాకు గిట్టవు.

వాళ్ళు నా మాట నమ్మి రివ్వున కొండ దిగారు. మలుపులో లవాన్ ఎదురైంది. అక్కడ బాటకి ఒక పక్క నల్లటి పెచ్చు కట్టిన సజీవమైన మట్టి. దాని మీద ఒక్క అడుగు పడితే మళ్ళీ కోలుకోవడానికి మనిషి జీవితకాలం పడుతుందని మాకు బడిలో చేరకముందే నేర్పుతారు. రెండో పక్క నాగజెముడు పొద. మా ఊళ్ళో పుట్టినవాళ్ళు అలాంటప్పుడు ఆలోచించరు. లవాన్ నాగజెముడులోకి దూకేసింది.

చెట్టు కిందకి కుంటుకుంటూ వచ్చి కూర్చుంది.

"వెనక నేనున్నానని చెప్పడానికి నీ నోరేమైంది?"

"నువ్వు మరీ వెనకున్నావు కదా!"

"ఎంత వెనకుంటే పెళ్ళాం లెక్కలోంచి పోతుందో అది కూడా చెప్పు, రేపట్నుంచి కొలుచుకుంటాను." పిక్కలోంచి ఓ ముల్లు లాగి నా ముందు పెట్టింది. "ఇదే ఆఖరుసారి ఆరిన్. వచ్చే ఏడాది నేను మా అక్క ఆర్లీన్ దగ్గరికి సెయింట్ జార్జ్ పట్నం పోతాను. వాళ్ళకి ఈతకొలనుంది. కొలనులో ముళ్ళుండవు. చెప్పాపెట్టకుండా ముందెళ్ళిపోయే మొగుడూ ఉండడు!"

ఆవిడ నవ్వుతూ అనలేదు. లవాన్ లేకుండా ఎడారికి వెళ్ళి నేనేం చెయ్యను? అక్కడి నిశ్శబ్దం ఎంత బాగుందో ఎవరితో చెప్పను?

ఒక్క ప్రశాంతమైన సాయంత్రం దొరికితే చాలు, ఆవిడ మనసు మారుతుందనుకున్నాను. ఇనపకుండలో పీచ్ పళ్ళు పోసి, పైన పిండి పరిచి, మూత మీదా అడుగునా నిప్పులు పెట్టి కాబ్లర్ చేస్తాను. ఎదురుగా ఎర్రరాళ్ళ మీద పొద్దు వాలుతుంది. చుట్టుపక్కల ఇంకో ప్రాణి ఉండదు. పథకం ఇంత చక్కగా కుదిరిందో లేదో, దూరంగా దుమ్ము లేచింది!

వ్యాన్ వచ్చి ఆగింది. ఆ ఆగడం ఎలా ఆగిందంటే, దానికి కట్టిన గుడ్డ పందిరి నీడ మా పొయ్యి మీద పడింది. నలుగురు దిగారు. బండి నడిపిన గడ్డం కుర్రాడి పేరు కోల్బీ. పక్కనున్న అమ్మాయి జోసీ. మిగతా ఇద్దరూ సైకిళ్ళు దించే పనిలో పడ్డారు.

"ఏం బాబూ, ఇంత ఎడారిలో మా పక్కనే చోటు దొరికిందా?" అన్నాను, వీలైనంత పుల్లవిరుపుగా.

కోల్బీ నిమ్మకు నీరెత్తినట్టు నవ్వాడు. "మీరున్నారంటే మంచి చోటే అయ్యుంటుందని ఆగాం పెద్దాయనా!"

ఈలోగా జోసీ చూపు లవాన్ కాలి మీద పడింది. "అయ్యయ్యో, ఇదేంటమ్మా, ఇన్ని ముళ్ళా?"

"మా ఆయన ఆఖరువాడు తల్లీ. ఆయన వెనక ఇంకెవరూ లేరట!"

ఇంకేం వివరించనక్కర్లేకపోయింది. జోసీ కళ్ళెర్రజేసి నావైపు చూసింది. వ్యాన్‌లోంచి చిన్న పట్టకారు తెచ్చి ముళ్ళన్నీ తీసింది. మందు రాసింది. ఆ తర్వాత, "సాయంత్రం మేము చిన్న చుట్టు తిరిగొస్తాం, నెమ్మదిగానే. మీరూ వస్తారామ్మా?" అని అడిగింది.

వద్దంటుందనుకున్నాను. ఆవిడ అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుంది.

నేను కుండ దగ్గర కాపలా మిగిలాను. ప్రశాంతత కావాలన్నాను కదా, బోలెడంత దొరికింది. కాలుగాలిన పిల్లిలా కుండ చుట్టూ తిరిగాను. ఈసారి ఏ మలుపులో ఎవరు ఎదురవుతారో, ఆ కుర్రాళ్ళు ఆవిణ్ణి ఎక్కడ వదిలేస్తారో అని ఒకటే గుబులు. పొద్దు వాలుతుండగా చివరికి కొండ మీద స్పీకరు మోత వినబడింది. నా జన్మలో ఏ పాటా అంత తియ్యగా లేదు. ఈ మాట కోల్బీకి చెప్పకండి.

కింద ఎవరో దారివ్వడానికి ఆగినట్టున్నారు, కోల్బీ కేకేశాడు. "వెనక ఇంకో నలుగురు!"

పాపం, కుర్రాడికి లెక్కలు రావనుకున్నాను. వాళ్ళున్నదే నలుగురు. అతను పోతే ముగ్గురే కదా! తర్వాత జోసీ "ముగ్గురు!" అంది. మూడో కుర్రాడు "ఇద్దరు!" అన్నాడు. నాలుగోవాడు "ఇంకొకరున్నారు, కాస్త ఆగండి!" అన్నాడు. అందరూ ఆగారు. ఆగిన చాలాసేపటికి మలుపు తిరిగి ఒక గొంతు వచ్చింది.

"నేనే ఆఖరు!"

అది లవాన్ గొంతు. పెళ్ళినాడు చర్చిలో చెప్పిన మాట కూడా ఆవిడ అంత గట్టిగా చెప్పలేదు! వాళ్ళ లెక్కలో మా ఆవిడ చేరిపోయింది.

ఆ సాయంత్రం కాబ్లర్ కుండ వ్యాన్ లైటు కింద ఖాళీ అయింది. ఎర్రరాళ్ళ మీద వాలిన పొద్దుని ఒక్కరూ చూడలేదు. లవాన్ మాత్రం పేరు తెలియని పాటలకి తాళం వేస్తూ, నోటినిండా పీచ్ పళ్ళతో నవ్వుతోంది. నా కడుపు నిండిపోయింది, తినకుండానే.

"వచ్చే ఏడాదిదాకా ఎందుకు, అక్టోబరులోనే వద్దాం," అంది. "కానీ వీళ్ళ పక్కనే ఆపాలి. సరేనా?"

సరేనన్నాను. అనిపించక ఊరుకుంటుందా?

అక్టోబరు వచ్చింది. మా జూనిపర్ చెట్టు కింద పిట్ట కూడా లేదు. నేను కోరుకున్న నిశ్శబ్దమంతా అక్కడ నాకోసం కాచుకుని ఉంది. దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాను! దారిలో ఉన్న ఖాళీ చోట్లన్నీ దాటి, దుమ్ము లేపుకుంటూ, ఎక్కడో పెద్ద రాతి గోడ కింద ఒంటరిగా ఉన్న వ్యాన్ పక్కనే మా బండి తీసుకెళ్ళి ఆపాను. కోల్బీ కాఫీ కప్పు పెదవులదాకా తెచ్చుకుని ఉన్నాడు.

"ఇంత ఎడారిలో మా పక్కనే చోటు దొరికిందా పెద్దాయనా?"

"నువ్వున్నావంటే మంచి చోటే అయ్యుంటుందని ఆగాం బాబూ!"

లవాన్ మా మాటలు వినలేదు. అప్పటికే జోసీని కావలించుకుని ఉంది.

ఆ సాయంత్రం అందరం కలిసి బాటెక్కాం. వేసవంతా లవాన్ మా ఊళ్ళో రోజూ సైకిలు తొక్కింది. నేను మాత్రం వేసవంతా ప్రశాంతత గురించి వ్యాసాలు రాశాను. కాబట్టి ఆవిడ కుర్రాళ్ళతో సమానంగా పోతోంది, నేను వెనకెక్కడో రొప్పుతున్నాను. అలుపు తీర్చుకోవడానికి ఓ పువ్వు దగ్గర ఆగాను కూడా. ఇంతలో పై మలుపు అవతల ఎవరో ఎదురుపడ్డ చప్పుడు. కోల్బీ కేకలు, జోసీ కేకలు, లెక్క తగ్గుతూ వచ్చింది. చివర్న ఒక కొత్త గొంతు అడిగింది.

"ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

"లేరు నాయనా," అంది లవాన్, తేనెలాంటి గొంతుతో. "నేనే ఆఖరు!"

ఆ తర్వాత విన్నది చక్రాల హోరు. ఒక పక్క నల్లమట్టి, ఇంకో పక్క నాగజెముడు. నేనూ ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణే కదా! కాకపోతే లవాన్ కాళ్ళతో దూకింది, నాకు వెనక్కి తిరగడానికే సమయం చిక్కింది, అలాగే పొదలో కూలబడ్డాను.

పాఠకులారా, ఇప్పుడైనా పొరుగు విలువ ఒప్పుకుంటారా? జోసీ పట్టకారు పట్టింది. కోల్బీ వ్యాన్ లైట్లన్నీ తిప్పి, ఏ నక్షత్రమూ చూపించలేనంత స్పష్టంగా నా దుస్థితిని వెలిగించాడు. నా కేకలు వినలేక కుర్రాళ్ళు స్పీకరు పెంచారు. వాళ్ళ డ్రోన్ పైనుంచి తన పని తాను చేసుకుపోయింది. సెయింట్ జార్జ్‌లో ఆర్లీన్ ఆ వీడియో తన కొలను ఒడ్డున నలుగురినీ కూర్చోబెట్టి చూపించిందట.

"వెనక నేనున్నానని చెప్పడానికి నీ నోరేమైంది?" అని అడిగాను, బోర్లా పడుకునే.

"నువ్వు మరీ వెనకున్నావు కదా!" అంది లవాన్. అని, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముళ్ళన్నీ తీయడం అయ్యేదాకా వదల్లేదు.

కాబట్టి లైట్ల మీదా, స్పీకర్ల మీదా, జనరేటర్ల మీదా, పక్కకొచ్చి ఆగే వ్యాన్‌ల మీదా నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాటి గురించి మా పత్రికకి ఉత్తరాలు రాయకండి. మనుషులు లెక్క చెప్పేటప్పుడు కాస్త వెనక్కి తిరిగి చూసుకుంటే బాగుంటుందని మాత్రం నా చిన్న మనవి.

ఇందాకటి నుంచీ మా సంపాదకుడు కుర్చీ జరిపి, కూర్చుని రాసుకోవయ్యా అంటున్నాడు. ఇంకో వారం వద్దన్నాను.